ఉయ్యాల ఆగింది... ఇల్లు ఊగింది!

మీ ఫోన్ గ్యాలరీ ఒక్కసారి తెరిచి చూడండి. కనీసం పది వీడియోలైనా ఉంటాయి. చూస్తే కళ్లు తిరుగుతాయి, డిలీట్ చేద్దామంటే మనసొప్పదు. మేనకోడలి మొదటి అడుగులు, కాలేజీలో చివరి రోజు, బస్సు కిటికీలోంచి తీసిన అరకు ఘాట్ రోడ్డు... అన్నీ ఊగుతూనే ఉంటాయి.

నా పని వీడియో మిక్సింగ్. తెనాలిలో చిన్న యూనిట్. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు... ఏది షూట్ చేసినా చివరికి మాలాంటి వాళ్ల టేబుల్ మీదికే వస్తుంది. నన్ను ఎక్కువమంది అడిగే మాట ఒక్కటే. "అక్కా, ఈ షేక్ తీసేయొచ్చా?"

తీసేయొచ్చు. ప్రీమియర్ ప్రోలో వార్ప్ స్టెబిలైజర్ ఉంది. డావిన్చీ రిజాల్వ్ ఫ్రీ వెర్షన్‌లోనూ స్టెబిలైజేషన్ ఉంది. అంత దూరం ఎందుకు, గూగుల్ ఫొటోస్‌లో వీడియో ఎడిట్ నొక్కితే ఒక బటన్ కనిపిస్తుంది. పని దాదాపుగా అదే చేసేస్తుంది. కానీ ఆ బటన్ నొక్కేముందు మనం తేల్చుకోవాల్సిన విషయం ఒకటుంది. ఈ వీడియోలో ఏది వణుకు? ఏది ఆ మనిషి కావాలని కదిపిన కదలిక? ఈ తేడా ఎంత పెద్దదో నాకు మా నాన్న తీసిన మూడు క్లిప్పుల దగ్గర అర్థమైంది.

ముందు లోపల ఏం జరుగుతుందో చెప్తాను. వీడియో అంటే సెకనుకు 30 ఫొటోలు అనుకోండి. సాఫ్ట్‌వేర్ ఒక్కో ఫొటోలో బోలెడన్ని చుక్కల్ని గుర్తు పెట్టుకుంటుంది. కిటికీ మూల, గోడ గడియారం అంచు, చీర మీద బుటా... ఇలా. తర్వాతి ఫొటోలో అవే చుక్కలు ఎక్కడికి జరిగాయో వెతుకుతుంది. అన్నీ కలిసి ఎడమవైపు జరిగాయంటే కెమెరా కుడివైపు కదిలిందని లెక్క. అలా కెమెరా నడిచిన దారి మొత్తం గీస్తుంది. ఆ దారి వానాకాలం మట్టిరోడ్డులా ఎగుడుదిగుడుగా ఉంటుంది. దాన్ని చదును చేసి కొత్త దారి వేస్తుంది. ఆ కొత్త దారికి సరిపోయేలా ప్రతి ఫొటోనీ కాస్త జరిపి, కాస్త తిప్పి పెడుతుంది.

ఇక్కడే ఖర్చు మొదలవుతుంది. ఫొటోని పక్కకి జరిపితే అంచున నల్లగా ఖాళీ కనిపిస్తుంది కదా. అది కనపడకుండా ఉండటానికి సాఫ్ట్‌వేర్ మొత్తం బొమ్మని జూమ్ చేస్తుంది. 10 శాతం జూమ్ అంటే చిన్న విషయంలా ఉంటుంది. కానీ లెక్క వేస్తే బొమ్మలో దాదాపు 17 శాతం పోతుంది. 25 శాతం జూమ్ చేస్తే 36 శాతం పోయినట్టే. అంటే మూడో వంతు కన్నా ఎక్కువ. ఊగుడు ఎంత తగ్గించాలనుకుంటే అంత అంచు వదులుకోవాలి. ఆ అంచున ఎవరు నిలబడి ఉన్నారో సాఫ్ట్‌వేర్‌కి తెలీదు.

ఇప్పుడు నాన్న సంగతి.

మా నాన్న పాతికేళ్లు పెళ్లి వీడియోలు తీశాడు. భుజానికెత్తుకునే వీహెచ్ఎస్ కెమెరాతో మొదలుపెట్టాడు. వెనకాల లైటు పట్టుకునే కుర్రాడు, కాళ్లకి చుట్టుకునే వైరు, కళ్లల్లో హోమం పొగ. జీలకర్ర బెల్లం పెట్టే టైముకి ఊపిరి బిగబట్టి నిలబడేవాడు. "ఆ ఒక్క నిమిషం నువ్వు కదిలావంటే, ఆ పెళ్లి వాళ్లింట్లో జీవితాంతం కదుల్తూనే ఉంటుందిరా" అనేవాడు. స్టాండు వేసే చోటు లేని కల్యాణ మండపాల్లో కూడా ఆయన ఫ్రేమ్ గోడకి మేకు కొట్టినట్టు ఉండేది. ఇది నేను కూతురిగా చెప్పడం లేదు. ఆ పాత క్యాసెట్లు కంప్యూటర్‌లోకి ఎక్కించింది నేనే.

నాలుగేళ్ల క్రితం ఆయన కుడిచేతి బొటనవేలు వణకడం మొదలైంది. తర్వాత చెయ్యంతా. పార్కిన్సన్స్ అన్నారు డాక్టరు. 1817లో 'వణుకుడు పక్షవాతం' మీద వ్యాసం రాసిన లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ పేరే ఆ జబ్బుకి పెట్టారట. మందులు వాడుతున్నాడు. నడక పర్వాలేదు, మాట పర్వాలేదు. కానీ కెమెరా ముట్టుకోవడం మానేశాడు. పెళ్లికి వెళ్తే కుడిచెయ్యి ప్యాంటు జేబులోనే. ఎవరైనా "బాబాయ్, ఓ ఫొటో తియ్యవా" అని ఫోన్ చేతికిస్తే, "కళ్లజోడు తేలేదురా" అనేవాడు. కళ్లజోడు చొక్కా జేబులోనే ఉండేది.

మొన్న మా చెల్లి కూతురి బారసాల మా ఇంట్లోనే చేశాం. బయట ఫొటోగ్రాఫర్‌ని పెట్టలేదు. నేను వచ్చేపోయేవాళ్లతో, భోజనాలతో సతమతమవుతున్నా. రాత్రి చుట్టాలంతా వెళ్లాక నాన్న వచ్చి నా టేబుల్ మీద తన ఫోన్ పెట్టాడు.

"మూడు క్లిప్పులున్నాయి. పనికొస్తాయేమో చూడు. రాకపోతే తీసెయ్."

'తీసెయ్' అని మామూలుగానే అన్నాడు. కానీ గదిలోంచి వెళ్లలేదు. గుమ్మానికి ఆనుకుని అలాగే నిలబడ్డాడు. నాలుగేళ్ల తర్వాత ఆయనంతట ఆయనే తీసిన వీడియోలవి. ఇవి బాగోలేవని తేలితే ఇంకెప్పుడూ ఫోన్ ఎత్తడని నాకు తెలుసు. ఆయనకీ తెలుసు.

మొదటి క్లిప్పు, మా మరిది పళ్లెంలో బియ్యం మీద ఉంగరంతో పాప పేరు రాయడం. ప్లే చేశాను. ఆశ్చర్యం... మొదటి తొమ్మిది సెకన్లు రాయిలా ఉంది. పాత నాన్న ఫ్రేమే! ఆ తర్వాత చిన్నగా మొదలై, పన్నెండో సెకనుకి బొమ్మంతా గజగజ.

ఈ జబ్బులో వణుకు ఎక్కువగా చెయ్యి ఊరికే ఉన్నప్పుడు వస్తుంది. ఏదైనా పని మీద చెయ్యెత్తితే తగ్గుతుంది. కొంతమందిలో అదే చేతిని అలాగే కొన్ని సెకన్లు పట్టుకుని ఉంచితే మళ్లీ మొదలవుతుంది. అందరికీ ఇలాగే ఉండదు, నాన్నకి మాత్రం ఇలాగే ఉంది. నేను టైమ్‌లైన్ మీద వేలు పెట్టి చూపించాను. "ఇక్కడిదాకా చూడు నాన్నా, ఏమీ లేదు." నాన్న గుమ్మం దగ్గర్నుంచి వచ్చి కుర్చీ లాక్కున్నాడు.

ఆ వణుకు సెకనుకు నాలుగు నుంచి ఆరుసార్లు ఉంటుంది. సెకనుకు ఐదుసార్లు అనుకుంటే, 30 ఫొటోల్లో ప్రతి ఆరు ఫొటోలకీ చెయ్యి ఒకసారి వెళ్లి వస్తుందన్నమాట. వణకని చెయ్యంటూ లోకంలో లేదు. ఆరోగ్యంగా ఉన్న చేతులు కూడా సెకనుకు 8 నుంచి 12 సార్లు వణుకుతాయి, మన కంటికి ఆనదంతే. సాఫ్ట్‌వేర్‌కి ఈ రెండూ ఒకటే. దానికి జబ్బు తెలీదు, వయసు తెలీదు. వేగంగా వెళ్లి వచ్చే కదలిక కనిపిస్తే చదును చేస్తుంది. అందుకే నాన్న వణుకు దానికి పెద్ద కష్టమైన పని కాలేదు. బొమ్మ నిలబడింది.

కానీ ఇంకోటి బయటపడింది. బొమ్మ కదలట్లేదు గానీ మా మరిది వేళ్లు మాటిమాటికీ అలుక్కుపోతున్నాయి. గదిలో వెలుతురు తక్కువ. వెలుతురు చాలనప్పుడు ఫోన్ ఒక్కో ఫొటోకి షట్టర్‌ని ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. ఆ కాస్త టైములో చెయ్యి కదిలితే ఆ ఫొటోలోనే గీతలా మసక పడుతుంది. స్టెబిలైజర్ ఫొటోని జరపగలదు, అందులో పడిన మసకని తుడవలేదు. మామూలు షేకీ వీడియోలో అది కనపడదు, ఊగుడులో కలిసిపోతుంది. ఊగుడు ఆపాకే బయటికొస్తుంది. అందుకే ఆ క్లిప్పులో తొమ్మిది సెకన్లే ఉంచాను. పేరులో మొదటి రెండు అక్షరాలు అందులో వచ్చేశాయి. చాలు.

రెండోది ఉయ్యాల. పాపని ఉయ్యాలలో వేసి అత్తయ్యలూ పిన్నులూ లాలి పాడుతున్నారు. నాన్న దగ్గరకెళ్లి, ఫ్రేమ్ నిండా ఉయ్యాల వచ్చేలా తీశాడు. వార్ప్ స్టెబిలైజర్ వేశాను. నీలం పట్టీ వచ్చింది, అనాలసిస్ అయింది. నారింజ పట్టీ వచ్చింది, స్టెబిలైజ్ అయింది. ప్లే నొక్కాను.

ఉయ్యాల కదలకుండా నిలబడింది. మా ఇల్లు ఊగుతోంది! గోడలు, ఫ్యాను, క్యాలెండరు, పాడుతున్న అత్తయ్యలు... అందరూ అటూ ఇటూ తూగుతున్నారు. పాప మాత్రం దర్జాగా మధ్యలో పడుకుని ఉంది.

నాన్న పగలబడి నవ్వాడు. వంటింట్లోంచి అమ్మ పరిగెత్తుకొచ్చింది. "ఏవండీ, ఏమైంది?" అని స్క్రీన్ చూసి తనూ నవ్వడం మొదలుపెట్టింది. వణుకు గురించిన మాట మా ఇంట్లో వచ్చినప్పుడు నవ్వు వినపడటం అదే మొదటిసారి.

అలా ఎందుకైందంటే, ఫ్రేమ్‌లో ఎక్కువ చోటు ఆక్రమించింది ఉయ్యాల. సాఫ్ట్‌వేర్ చుక్కలన్నీ దాని మీదే పెట్టింది. 'ఇదే నేల, ఇదే స్థిరం' అనుకుంది. దాన్ని ఆపడానికి లోకాన్ని ఊపింది. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో ఈ ట్రాక్ పాయింట్లు తెర మీద చూపించే సదుపాయం ఉంది. క్లిప్పుని అందులోకి తీసుకెళ్లి ఉయ్యాల మీద, పాప మీద, దగ్గర్లో ఊగుతున్న చేతుల మీద ఉన్న చుక్కలన్నీ ఎంచి డిలీట్ చేశాను. గోడ మీదవీ కిటికీ మీదవీ ఉంచాను. ఈసారి ఇల్లు నిలబడింది, ఉయ్యాల ఊగింది. ఏది స్థిరమో మనం చెప్తే తప్ప దానికి తెలీదు.

మూడోదే అసలు పరీక్ష. వరండాలోంచి హాల్లోకి అడుగుపెట్టి, గోడవారగా కూర్చున్న చుట్టాలందరినీ ఎడమ నుంచి కుడికి చూపించే పెద్ద షాట్. 40 సెకన్లు. కెమెరావాళ్లు దీన్ని ప్యాన్ అంటారు. నాన్నకి ఇష్టమైన షాట్ ఇది. ఏ పెళ్లిలోనైనా భోజనాల దగ్గర తప్పకుండా తీసేవాడు.

వార్ప్ స్టెబిలైజర్ వేయగానే స్మూత్‌నెస్ 50 శాతం, మెథడ్ సబ్‌స్పేస్ వార్ప్ అని దానంతట అదే పెట్టుకుంటుంది. అలాగే చూశాం. నీళ్ల మీద పడవలా సాఫీగా వెళ్లిపోయింది. చూసినవాళ్లెవరైనా జింబల్‌తో తీశారనుకుంటారు. నేను నాన్న వైపు చూశాను. ఆయన ముఖంలో సంతోషం లేదు.

"ఇది నేను తీసింది కాదు" అన్నాడు.

"అదే నాన్నా, షేక్ తీసేశా కదా."

"షేక్ సంగతి కాదురా. నేను మా అమ్మ దగ్గర ఆగాను. మీ పెద్దమ్మ దగ్గర ఆగాను. ఇది ఎవరి దగ్గరా ఆగట్లేదే!"

ఒరిజినల్ మళ్లీ ప్లే చేశాను. నిజమే. వణుకుతూనే, నానమ్మ ముఖం దగ్గర రెండు సెకన్లు ఆగాడు. పెద్దమ్మ దగ్గర ఆగాడు. పాపని ఎత్తుకున్న చెల్లి దగ్గర ఇంకాస్త ఎక్కువ ఆగాడు. పాతికేళ్ల అలవాటు అది. చెయ్యి మాట వినకపోయినా, ఎక్కడ ఆగాలో ఆ మనిషికి గుర్తుంది. సాఫ్ట్‌వేర్ వణుకుని చదును చేస్తూ ఆ ఆగడాల్ని కూడా చదును చేసేసింది. పైగా జూమ్ వల్ల మొదట్లో తలుపు పక్కన నిలబడ్డ అమ్మ సగానికి తెగిపోయింది.

నాన్న మాటతో పని సులువైంది. ఆయన వణుకు సెకనుకు ఐదుసార్లు, ఆయన ఆగడం రెండేసి సెకన్లు. రెండిటి మధ్య బోలెడంత దూరం ఉంది. స్మూత్‌నెస్ కొద్దికొద్దిగా తగ్గిస్తూ వచ్చాను. 30... 20... 12 దగ్గర నానమ్మ ముఖం మీద షాట్ మళ్లీ ఆగింది. మెథడ్ కూడా మార్చి పొజిషన్, స్కేల్, రొటేషన్ పెట్టాను. సబ్‌స్పేస్ వార్ప్ బొమ్మని ముక్కలుగా సాగదీస్తుంది కాబట్టి ఒక్కోసారి గోడలు జెల్లీలా అలలు కొడతాయి. మార్చాక అది పోయింది. జూమ్ తగ్గింది, అమ్మ వెనక్కి వచ్చింది. కొంచెం ఊగుడు మిగిలింది. చేత్తో తీసిన వీడియో అని తెలిసేంత.

"ఆఁ... ఇది నాదే" అన్నాడు నాన్న.

ఆ రాత్రి ఆయనకి ఒక సంగతి చెప్పాను. 2011లో గూగుల్ పరిశోధకులు వీడియోల ఊగుడు తగ్గించే ఒక పద్ధతి ప్రచురించారు. తర్వాత యూట్యూబ్‌లోనూ వాడారు. కెమెరా దారిని ఎలా చదును చేయాలి అని ఆలోచించి వాళ్లు పెద్ద కెమెరామెన్ల షాట్లనే ఆదర్శంగా తీసుకున్నారు. పూర్తిగా నిలబడిన కెమెరా, ఒకే వేగంతో జరిగే కెమెరా, ఒకదాన్నుంచి ఇంకోదానికి మెల్లగా మారే కెమెరా. ఈ మూడు ముక్కలతోనే కొత్త దారి అల్లారు.

నాన్న నవ్వాడు. "ఆగు, మెల్లగా కదులు, మెల్లగా ఆగు. మా గురువు కొట్టి నేర్పిందే కదా అది!"

అంతకుముందు సినిమా వాళ్లు ఈ సమస్యని ఇనుముతో, బరువులతో పరిష్కరించుకున్నారు. 1970ల్లో గారెట్ బ్రౌన్ అనే అమెరికన్ కెమెరామన్ స్టెడీకామ్ తయారు చేశాడు. 1976లో వచ్చిన 'రాకీ'లో హీరో మెట్లెక్కే సీను దాంతో తీసిందే. మనిషి ఒంటి కుదుపు కెమెరాకి తగలకుండా మధ్యలో స్ప్రింగు చెయ్యి పెట్టాడాయన. ఇప్పుడు మన ఫోన్లలో కూడా లెన్స్‌ని కదిపి కొంత, బొమ్మ అంచులు కత్తిరించి కొంత ఆ పని జరుగుతోంది. పరికరం ఏదైనా, అది ఒంటి కుదుపుని ఆపాలి, మనిషి ఉద్దేశాన్ని ఆపకూడదు.

బారసాల తర్వాత నాన్న మళ్లీ తీస్తున్నాడు. మేమిద్దరం కూర్చుని ఆయన చేతికి సరిపడే పద్ధతి ఒకటి తయారు చేసుకున్నాం. మీ ఇంట్లో కూడా పనికొస్తుంది.

ఒక్కో షాట్ ఎనిమిది సెకన్లే. చెయ్యి మళ్లీ వణకడం మొదలయ్యేలోపు ఆపేస్తాడు, దించుతాడు, మళ్లీ ఎత్తుతాడు. ఎడిటింగ్‌లో మాకు కావాల్సింది కూడా చిన్న షాట్లే. మోచేతులు రెండూ పక్కటెముకలకి ఆనిస్తాడు, వీపు గోడకో స్తంభానికో ఆనిస్తాడు. వీహెచ్ఎస్ రోజుల చిట్కా అది. వీలైతే కిటికీ పక్కనే, వెలుతురులోనే తీస్తాడు. ట్యూబ్‌లైట్ల కింద అయితే ఫోన్‌లో ప్రో మోడ్ తెరిచి షట్టర్ 1/100 పెట్టాను. మసక తగ్గుతుంది, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి లైట్లు మినుకుమనడం కూడా కనపడదు.

4కెలో తీస్తాడు. 3840×2160 బొమ్మని 1920×1080 టైమ్‌లైన్‌లో పెడితే రెండింతల చోటు ఉంటుంది. స్టెబిలైజర్ జూమ్ చేసినా బొమ్మ నాణ్యత చెడదు. కాకపోతే అంచులు మాత్రం పోతాయి, అందుకే అనుకున్నదానికన్నా ఒకడుగు వెనక్కి నిలబడతాడు. అసలు మనుషుల చుట్టూ కాస్త ఖాళీ వదిలితే, కోసేది ఖాళీనే అవుతుంది.

ఎనిమిది సెకన్లు లెక్కపెట్టేది అమ్మ. పక్కన నిలబడి "ఒకటి, రెండు, మూడు..." అని గొణుగుతుంది. "ఏవండీ, ఎనిమిది!" అనగానే నాన్న ఆపేస్తాడు. ఆ లెక్క ప్రతి క్లిప్పులోనూ వినిపిస్తుంది. సౌండ్ సరిచేసేటప్పుడు దాన్ని తీసెయ్యడం నాకు రెండు నిమిషాల పని. తీయను.

చెయ్యి బాగైందని చెప్పడం లేదు. ఆ జబ్బు అలా పోయేది కాదు. కొన్ని రోజులు మందు వేళ తప్పితే గ్లాసు పట్టుకోవడం కూడా కష్టమే. ఆ రోజుల్లో తీసిన క్లిప్పులు ఏ సెట్టింగ్ పెట్టినా నిలబడవు. అయినా నాన్న "తీసెయ్" అనడం మానేశాడు. "ఇది వద్దులే, రేపు ఇంకోటి తీస్తా" అంటున్నాడు. నాకు అది చాలా పెద్ద తేడా.

మీకు చెప్పాలనుకున్నది ఇదే. షేకీ వీడియో చేతిలో పెట్టుకుని బటన్ నొక్కేముందు ఒక్కసారి మామూలుగా చూడండి. తీసిన మనిషి ఎక్కడ ఆగారు, ఎవరి దగ్గరకి వెళ్లారు, అంచున ఎవరున్నారు గమనించండి. తర్వాత స్టెబిలైజ్ చేయండి, తక్కువతో మొదలుపెట్టి సరిపోయినంత వరకే పెంచండి. ఒరిజినల్ ఫైల్‌ని మాత్రం ఎప్పుడూ డిలీట్ చేయకండి. కోసేసిన అంచు మళ్లీ రాదు. ఒరిజినల్ ఉంటే, ఇవాళ నిలబడని వీడియోని ఇంకో ఐదేళ్లకి వచ్చే సాఫ్ట్‌వేర్ నిలబెట్టొచ్చు.

ఇంకోమాట. మీ ఇంట్లో ఎవరైనా "నా చెయ్యి వణుకుతుంది, నేను తీయనులే" అంటే, ఫోన్ వాళ్ల చేతికే ఇవ్వండి. పక్కన నిలబడి ఎనిమిది లెక్కపెట్టండి. మిగతాది టేబుల్ దగ్గర మాలాంటి వాళ్లం చూసుకుంటాం.